జబ్బు రోజుల జీతం ఎవరిస్తారు?

ప్ర: తిరుపతిలో ఒక బట్టల షాపులో రెండేళ్లుగా సేల్స్‌లో ఉన్నాను. జీతం 15,000. ఈఎస్‌ఐకి (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) నెలనెలా 113 రూపాయలు పట్టుకుంటారు. అక్టోబరులో టైఫాయిడ్ వచ్చి పది రోజులు వెళ్లలేదు. ఓనరు ఆ జీతం కోసేసి, ‘ఈఎస్‌ఐ ఉందిగా, అక్కడ తీసుకో’ అంటున్నారు. నిజమేనా?

జ: సగం నిజం. ఏపీ షాపుల చట్టంలో ఏడాదికి 12 రోజుల వరకూ జీతంతో సిక్ లీవు ఉన్నమాట వాస్తవమే. కానీ ఈఎస్‌ఐ వర్తించేవాళ్లు అదే తరహా ప్రయోజనాన్ని మరో చట్టం కింద అడగడానికి వీల్లేదు. ఓనరు చెప్పని సగం ఏమిటంటే, అదే చట్టంలోని 12 క్యాజువల్ లీవులు మీకు విడిగా ఉంటాయి.

వాటితో పని పడేది మొదటి రెండు రోజులకు. ఆ రెండింటికీ ఈఎస్‌ఐ డబ్బివ్వదు (ముందు జబ్బు తగ్గిన 15 రోజుల్లోపే మళ్లీ పడితే తప్ప). ఆ రెండు రోజులకు క్యాజువల్ పెట్టుకోవాలి. మిగతా ఎనిమిది రోజులకు ఈఎస్‌ఐ సగటు రోజు జీతంలో 70 శాతం ఇస్తుంది. మీకు రోజుకు 500 లెక్కన 350 చొప్పున 2,800 వస్తుంది. ఆ ఎనిమిదిలో ఏ రోజుకైనా షాపులో లీవు జీతం తీసుకుంటే ఆ రోజు ఈఎస్‌ఐ డబ్బు పోయినట్టే.

అక్టోబరు జబ్బుకు చూసేది గత ఏడాది అక్టోబరు నుంచి ఈ మార్చి దాకా కట్టిన చందా. అందులో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. మీ దగ్గర పట్టుకుని అక్కడ కట్టని యజమానులూ ఉన్నారు, కాబట్టి ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్‌ఐ పోర్టల్‌లో నెలవారీగా చూసుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది మెడికల్ సర్టిఫికెట్ దగ్గర. జ్వరం రాగానే ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లి, తగ్గాక ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళితే వెనక తేదీతో ఇవ్వడానికి డాక్టరు ఒప్పుకోకపోవచ్చు. మీదీ అదే పరిస్థితి అయితే ప్రిస్క్రిప్షన్లు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ చూపించి అడగండి. ఇకముందు మాత్రం మొదటి రోజే డిస్పెన్సరీకి వెళ్లి సర్టిఫికెట్ తీసుకోండి. తగ్గాక ఫైనల్ సర్టిఫికెట్ మరిచిపోవద్దు. వాటితో బ్రాంచి ఆఫీసులో క్లెయిము పెడితే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ప్ర: చిత్తూరులో నలభై మంది పనిచేసే షోరూములో అకౌంటెంటుని. జూన్‌లో జీతం 22,000 అయింది. ఆ నెల నుంచే ఈఎస్‌ఐ ఆపేశారు. సరేనా?

జ: కాదు. జీతం ఈఎస్‌ఐ పరిమితి 21,000 దాటినా, ఏప్రిల్–సెప్టెంబరు చందా కాలం మొదలైన ఏప్రిల్‌లో పరిధిలో ఉన్నారు కాబట్టి సెప్టెంబరు 30 దాకా పూర్తి జీతం మీద కట్టాల్సిందే. ఆ చందాకు ప్రయోజనం వచ్చే జనవరి నుంచి జూన్ వరకూ ఉంటుంది. ముందు మేనేజరుకి కాగితం మీద రాసివ్వండి. వినకపోతే పేస్లిప్పులతో ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో ఫిర్యాదు చేయండి.