మహాకాయులను తెరకెక్కించడం ఎలా?

ప్రశ్న: ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ అనే వీడియో గేమ్‌ను కాలేజీ రోజుల్లో మా అన్నయ్యతో కలిసి ఆడాను. దానిని సినిమాగా తీస్తారని 2009లో వార్త వచ్చినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను. ఆ పని మీకే అప్పగిస్తే ఎలా తీస్తారు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఆట తెలియని వారి కోసం ముందుగా కథ చెప్పాలి. ఫుమితో ఉయెదా నేతృత్వంలో జపాన్‌కు చెందిన టీమ్ ఐకో రూపొందించిన ఈ ఆట 2005లో ప్లేస్టేషన్ 2 అనే ఆటల యంత్రం కోసం వెలువడింది. వాండర్ అనే యువకుడు చనిపోయిన మోనో అనే అమ్మాయిని గుర్రం మీద మోసుకుంటూ, మనుషులు అడుగు పెట్టరాని ప్రదేశానికి వస్తాడు. అక్కడి ఆలయంలో డార్మిన్ అనే అశరీరవాణి, ఆ నేల మీద తిరిగే 16 మంది మహాకాయులను చంపితే ఆమె బతకవచ్చుననీ, అందుకు నువ్వు చెల్లించే మూల్యం మాత్రం చాలా పెద్దదనీ హెచ్చరిస్తుంది. సావిత్రి మాటలతో సాధించినదాన్ని ఇతడు కత్తితో సాధించబోతాడన్నమాట.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ మహాకాయులలో చాలామంది ఎవరి జోలికీ పోకుండా తమ చోట తాము ఉన్నవారే. 13వది ఎడారి మీద ఎగురుతూ పోతుందే గానీ వాండర్ మీద దాడి చేయనే చేయదు. ఒక్కొక్కటి కూలినప్పుడు వినిపించేది విజయభేరి కాదు, శోకగీతం. వెంటనే దాని శరీరం నుంచి నల్లని తీగలు వచ్చి వాండర్‌లోకి చొచ్చుకుపోతాయి, అతని ముఖం పాలిపోతూ వస్తుంది. ఆ పాపంలో మనకూ వాటా ఉందని అనిపించడానికి కారణం, కత్తి దింపిన వేలు మనది కావడమే. సినిమా హాలులో కూర్చున్న ప్రేక్షకుడు ఏ బటనూ నొక్కడు కనుక, అతనికి ఆ వాటా ఎలా అంటగట్టాలన్నదే దర్శకుడు ముందుగా తేల్చుకోవలసిన విషయం.

నేనైతే 16 పోరాటాలనూ తీయను, నాలుగింటితో సరిపెడతాను. మొదటిదాన్ని మన జానపద చిత్రంలో రాక్షస సంహారం లాగా, హాలంతా ఈలలు వేసేలా తీసి, ఆ దేహం కూలిన తరువాత కెమెరాను వెంటనే కదల్చకుండా ఈలలు వాటంతట అవే ఆగిపోయేదాకా దాని మీదే నిలుపుతాను. 13వ దాని వంతు వచ్చేసరికి ఈల వేయడానికి ఎవరికీ నోరు రాకూడదు. ఆటలో సగం రాయి, సగం బొచ్చుగా ఉండే ఆ దేహాల మీద పట్టు జారకుండా చేతిలోని కంట్రోలర్ మీది ఆర్1 బటన్‌ను అదిమి పట్టి ఉంచాలి. నా వేలికి ఆ నొప్పి ఇప్పటికీ గుర్తుంది. ఆ నొప్పికి బదులుగా తెర మీద సంగీతం ఆపేసి, వాండర్ రొప్పును మాత్రమే వినిపిస్తాను.

మోనో, వాండర్‌ల ప్రేమను చూపే గతం కావాలని నిర్మాత తప్పక అడుగుతాడు. శాపగ్రస్తమైన విధి ఉందన్న కారణంతో ఆమెను బలి ఇచ్చారన్న ఒక్క ముక్క తప్ప ఆట మనకు ఏమీ చెప్పదు, అది చాలు. ఒక పాట పెట్టామంటే అతను చేసేదంతా న్యాయంగా కనిపించే ప్రమాదం ఉంది.

ప్రశ్న: సంభాషణలు ఏ భాషలో ఉండాలంటారు?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆటలో పాత్రలు కల్పిత భాషలో మాట్లాడతాయి, అర్థం తెర మీద అక్షరాలలో వస్తుంది. దానిని అలాగే ఉంచాలి. అప్పుడు తెలుగు డబ్బింగ్ అవసరమే ఉండదు, మంచి తెలుగు తెలిసిన ఉపశీర్షికల రచయిత ఒకరు దొరికితే చాలు.

ప్రశ్న: వాండర్ గుర్రం అగ్రోను గ్రాఫిక్స్‌తో చేయిస్తారా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: చేయించను. ఆటలో ఈ గుర్రం కారులా తిప్పిన వైపల్లా తిరగదు. పిలిస్తే వస్తుంది, అదిలిస్తే పరుగెత్తుతుంది, అంచు కనబడితే తనంతట తానే ఆగిపోతుంది. ఆ స్వతంత్రం శిక్షణ పొందిన నిజమైన గుర్రంలోనే ఉంటుంది. ముగింపు తెలియని వారు ఇక్కడితో చదవడం ఆపవచ్చు: చివరి మహాకాయుని దగ్గరకు వెళ్లే దారిలో వంతెన కూలినప్పుడు వాండర్‌ను ఆవలి గట్టుకు విసిరి తాను లోయలో పడిపోయేదీ, అంతా అయ్యాక కుంటుతూ తిరిగి వచ్చేదీ ఆ గుర్రమే. లోయలో పడే ఒక్క క్షణానికి గ్రాఫిక్స్ వాడక తప్పదు. కుంటుతూ వచ్చే నడకను మాత్రం కోత లేకుండా ఒకే షాట్‌లో తీస్తాను.