పడమటి హైదరాబాదులో ఫ్లాట్ కొనే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మామయ్య ఆశీర్వదించి రాయునది.

కోకాపేట, నార్సింగి వైపు ఫ్లాట్లు చూస్తున్నారనీ, శ్రావణం దాటకుండా అడ్వాన్స్ ఇచ్చేయాలని అల్లుడుగారు అనుకుంటున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా ఏళ్లుగా ఆ వైపే కాపురం ఉంటూ, మా అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు కూడా చూస్తున్నవాణ్ణి కనుక, నా మాట ఒక్కటి వినండి. ఇప్పుడే కొనకండి. ముందు అదే వీధిలో ఒక ఏడాది అద్దెకు ఉండండి; ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడ పూర్తిగా గడపండి. అక్కడ ఇళ్లు ముందు లేస్తున్నాయి, నీళ్లూ రోడ్లూ మురుగు కాలువలూ ఆ తర్వాత ఎప్పటికో వస్తున్నాయి. ఆ మధ్య కాలమంతా కష్టపడేది కొన్నవాళ్లే.

నీళ్ల సంగతి మొదట రాస్తాను, ఎందుకంటే అమ్మేవాళ్లు నోరెత్తనిది దాని గురించే. ఆ ప్రాంతమంతా గ్రానైటు నేల కాబట్టి రాతి పగుళ్లలో నిలిచినంత నీరే బోరుకు అందుతుంది. చుట్టుపక్కల ప్రతి ప్రాజెక్టుకూ సెల్లార్లు లోతుగా తవ్వి, అందరూ అవే పగుళ్ల నీటిని తోడుకుంటుంటే, ఎండలు ముదిరేసరికి బోర్లు ఒకటొకటిగా ఆగిపోతాయి. నగరానికి కృష్ణ నీరు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తుంది. అది కొత్త టవర్లకు చాలినంత చేరాలంటే జలమండలి రిజర్వాయర్లు కట్టాలి, పెద్ద లైన్లు వేయాలి. ఆ పని ముగిసేలోగా వందల కుటుంబాలు గృహప్రవేశం చేసేస్తున్నాయి. 2024 వేసవిలో ట్యాంకర్లకు గిరాకీ ఎంతగా పెరిగిందో పత్రికల్లో నువ్వూ చదివే ఉంటావు.

మా దగ్గర మే నెలలో తెల్లవారకముందే ట్యాంకర్లు గేటు బయట బారులు తీరుతాయి. వాచ్‌మన్ టార్చి పట్టుకొని సంపు మూత తీస్తాడు, డ్రైవరు లావుపాటి గొట్టాన్ని అందులోకి వదులుతాడు, బండి నంబరూ వచ్చిన సమయమూ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కుతాయి. మీరు చూడవలసింది మోడల్ ఫ్లాటులోని వంటగది కంటే ముందు ఆ నోటు పుస్తకం. మీ ప్రాజెక్టు ఇంకా కడుతూనే ఉంటే, పక్కనే జనం ఉంటున్న అపార్ట్‌మెంటుకు వెళ్లి, ఏప్రిల్, మే నెలల పేజీలు చూపించమని మర్యాదగా అడగండి. నీళ్ల ఖర్చు మెయింటెనెన్సును ఎంత పెంచుతుందో, నిర్వహణ బిల్డరు చేతి నుంచి సంఘం చేతికి మారిన తర్వాతే తెలుస్తుంది. అప్పటికి మీ ఈఎంఐ కూడా మొదలై ఉంటుంది.

ఇక రోడ్లు. ఫ్లాట్లను సాధారణంగా ఆదివారం చూపిస్తారు. మీరు మాత్రం ఒక మంగళవారం ఉదయం తొమ్మిదింటికి ఆ గేటు నుంచి మీ ఆఫీసులకు వెళ్లి, సాయంత్రం అదే దారిలో తిరిగి రండి, వీలైతే వాన పడే రోజున. మెట్రో బ్లూ లైను 2019 నవంబరులో రాయదుర్గం చేరింది, అక్కడే ఆగింది. అవతలి వాళ్లందరికీ సొంత బండో, క్యాబో, లేదంటే చాలీచాలని బస్సులే గతి. ఔటర్ రింగు రోడ్డు పక్కనే ఉంది కదా అంటారు. దాని మీదికి ఎక్కడానికీ దిగడానికీ కొన్ని చోట్లే దారి ఉంటుంది కనుక, రద్దీ అంతా ఆ కూడళ్ల దగ్గరా సర్వీసు రోడ్ల మీదా పోగుపడుతుంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఒక ఎకరం వేలంలో 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. అంత ధర పెట్టినవాడు ఎత్తుగా కట్టక తప్పదు, హైదరాబాదులో ఎఫ్‌ఎస్‌ఐకి, అంటే స్థలం వైశాల్యానికి ఎన్ని రెట్లు కట్టవచ్చనే లెక్కకు, పరిమితి కూడా లేదు. ఈరోజు కనిపిస్తున్న రద్దీ, ఆ టవర్లు ఇంకా నిండకముందే వస్తున్న రద్దీ.

ఎదురుగా ఖాళీ స్థలం ఉంది, గాలీ వెలుతురూ బాగా వస్తాయని మురిసిపోవద్దు. అక్కడ రేపు బండలు పేలుస్తారు, రాత్రుళ్లు కాంక్రీటు లారీలు తిరుగుతాయి, బాల్కనీ తలుపు తీస్తే దుమ్ము. పసిపాప ఉన్న ఇంట్లో ఏళ్ల తరబడి ఇది చిన్న ఇబ్బంది కాదు.

చెరువుల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. అవి గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండితే నీరు నాలా గుండా కింది చెరువుకు పోవాలి, ఆ నాలా మీద కట్టడం లేస్తే వరద సెల్లార్లలోకి వస్తుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే గీత) నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోను, అంటే కట్టడాలు రాకూడని మేర. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తర్వాత జరిగిన కూల్చివేతలు చూశాక, అనుమతి కాగితం ఒక్కటే చాలునని నేను చెప్పలేను. సర్వే నంబరు తీసుకొని నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వారి చెరువుల మ్యాపులో మీరే చూసుకోండి.

‘ప్రీ లాంచ్’ ధర, అంటే ప్రాజెక్టు మొదలుకాకముందే ఇచ్చే తక్కువ ధర అని ఎవరు ఊరించినా డబ్బు ఇవ్వవద్దు. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద నమోదు లేకుండా అమ్మకానికి పెట్టడమే చట్టవిరుద్ధం. 2016 నాటి ఆ చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగు చేయాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసయోగ్యమని అధికారులు ఇచ్చే పత్రం) రాకుండా ఇంట్లో చేరవద్దు.

ఆ వైపు మంచి లేదని నేను అనడం లేదు. ఉద్యోగాలు దగ్గర, పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. కానీ మీ అత్తమామలు కూడా వచ్చి ఉంటారు కదా, వాళ్ల సంగతి ఆలోచించారా? ఫుట్‌పాత్ లేని రోడ్డు దాటలేక, మందుబిళ్లలకు కూడా యాప్ మీద ఆధారపడి, అద్దెదార్లు తరచూ మారిపోయే అంతస్తులో పలకరించే మనిషి లేక దిగులుపడిన పెద్దవాళ్లను నేను మా బ్లాకులోనే చూస్తున్నాను. అద్దెకు ఉండే ఆ ఏడాదిలో వాళ్లను కనీసం రెండు నెలలు తెచ్చి ఉంచుకోండి. వాళ్లకు కుదరని చోట మీరు ఇల్లు కొనడం నాకు ఇష్టం లేదు.

ప్రాజెక్టు రెరా నంబరూ, సర్వే నంబరూ, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, అప్పులు తెలిపే పత్రం) నకలూ నాకు పంపించు. నేను చూసి చెప్పేదాకా అల్లుడుగారిని చెక్కు రాయవద్దని నా మాటగా చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే మామయ్య