ఫార్మ్‌-డి ఆరో ఏడాది స్టైపెండ్‌తో వాయిదాలు కట్టవచ్చా?

ప్రశ్న: నేను పలాస దగ్గర ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి ఫార్మ్‌-డి (డాక్టర్‌ ఆఫ్‌ ఫార్మసీ) ఐదో ఏడాది చదువుతోంది. ఏటా 1.2 లక్షల చొప్పున మొత్తం 6 లక్షల విద్యా రుణం తీసుకున్నాం, వడ్డీ 10 శాతం. వచ్చే ఏడాదంతా ఆసుపత్రిలో రెసిడెన్సీ అట. పీజీ డాక్టర్లకు ఇచ్చినట్లే స్టైపెండ్‌ ఇస్తారని, దానితో వాయిదాలు మొదలుపెట్టవచ్చని మా ఆలోచన. ఆ తర్వాత అమెరికాలో రెసిడెన్సీ సీటు ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ 5 లక్షలు అడుగుతోంది. ఎకరం జీడితోట అమ్మేయమంటారా?

జవాబు: మాస్టారూ, తోట అమ్మకండి. స్టైపెండ్‌ను మాత్రం లెక్కలోంచి తీసేయండి.

ఫార్మసీ కౌన్సిల్‌ 2008లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఫార్మ్‌-డి ఆరేళ్ల కోర్సు. మీరు రెసిడెన్సీ అంటున్న చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌: ఆరు నెలలు జనరల్‌ మెడిసిన్‌లో, మిగతా ఆరు నెలలు మూడు వేర్వేరు విభాగాల్లో రెండేసి నెలలు. ఇది చదువులో భాగమే గాని ఉద్యోగం కాదు. ఇంటర్న్‌కు నెలకు ఇంత ఇవ్వాలని ఆ నిబంధనల్లో మొత్తమేదీ లేదు. కాలేజీ ఏదైనా ఇస్తే సంతోషం, దాన్ని బస్సు ఖర్చులకు వాడుకోనివ్వండి. ఆరో ఏడాది ఫీజు, హాస్టలు ఎంతవుతాయో కాలేజీ ఆఫీసులో ఇప్పుడే కనుక్కోండి. మీరు రాసిన 6 లక్షల్లో ఆ ఏడాది ఖర్చు కనబడటం లేదు.

అలాగని ఆ ఏడాదిని తేలిగ్గా తీసుకోవద్దు. కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానం మనిషికి నేను చెప్పాలా? మోకాళ్ల నొప్పులని వచ్చిన రైతు జేబులో మందుల షాపువాడు ఇచ్చిన నొప్పి మాత్రల అట్ట ఉంటుంది. రక్త పరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌ అప్పటికే పెరిగి ఉంటుంది. ఆ మాత్రలు ఆపించమని డాక్టరుకు చెప్పడం, మిగిలిన మందుల మోతాదు కిడ్నీ తట్టుకునేంతకు తగ్గించాలని సూచించడం, ఇంటికి వెళ్లాక ఏది ఎప్పుడు వేసుకోవాలో రోగికి అర్థమయ్యేలా చెప్పడం, ఇవన్నీ మీ అమ్మాయి వార్డులో నేర్చుకునే పనులు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. రెండు నెలల విడతల్లో ఒకటి నెఫ్రాలజీలో (కిడ్నీ విభాగంలో) దొరుకుతుందేమో అడగమనండి.

ఇక బ్యాంకు. సాధారణంగా కోర్సు ముగిసిన ఏడాది తర్వాతే వాయిదాలు మొదలవుతాయి. రుణ మంజూరు పత్రం తీసి, కోర్సు కాలం ఐదేళ్లని రాశారా ఆరేళ్లనా చూడండి. ఐదని ఉంటే ఇంటర్న్‌షిప్‌ ముగిసీ ముగియగానే వాయిదాలు మొదలవుతాయి, ఉద్యోగం వెతుక్కునే ఏడాది గడువు దక్కదు. కాలేజీ నుంచి ధ్రువపత్రం తెచ్చి ఈ నెలలోనే సరిచేయించండి.

చదువు కాలంలో సాధారణ వడ్డీయే అనుకుంటే, ఐదో ఏడాది ముగిసేసరికి వడ్డీ సుమారు 1.8 లక్షలు. చేతులు కట్టుకుని కూర్చుంటే తర్వాతి రెండేళ్లలో (ఆరో ఏడాది, ఆపై గడువు ఏడాది) మరో 1.2 లక్షలు చేరి బాకీ 9 లక్షలవుతుంది. పదేళ్లకు నెల వాయిదా దాదాపు 11,900. ఆ రెండేళ్లూ మీ జీతంలోంచి నెలకు 5,000 వడ్డీ కింద కడితే బాకీ 7.8 లక్షల దగ్గర ఆగుతుంది, వాయిదా సుమారు 10,300. వడ్డీ మీద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే వస్తుంది, అదీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి ఎనిమిదేళ్లే. మీరు కొత్త విధానంలో ఉంటే దాని సంగతి మరచిపోండి.

అమెరికా మాటకొస్తే, అక్కడ రెసిడెన్సీకి నిజంగానే జీతం ఇస్తారు, పూర్తిస్థాయి ఫార్మసిస్టు జీతం కంటే బాగా తక్కువే అనుకోండి. మొదటి ఏడాది పన్నెండు నెలలూ వార్డులు మారుతూ, కొన్ని వారాంతాల్లో ఫార్మసీ డ్యూటీ చేస్తూ, ఒక ప్రాజెక్టు పూర్తిచేయాలి. ఏదైనా ఒక విభాగంలో నైపుణ్యం కావాలంటే రెండో ఏడాది. మందుల దుకాణంలో పనిచేయడానికి ఇదేదీ అక్కర్లేదు, ఆసుపత్రుల్లో క్లినికల్‌ ఉద్యోగాలకే అడుగుతారు.

అక్కడి దాకా చేరడమే కష్టం. విదేశీ పట్టభద్రులు ముందు టోఫెల్‌ వంటి ఇంగ్లిష్‌ పరీక్ష, ఎఫ్‌పీజీఈఈ అనే విదేశీ ఫార్మసీ పట్టభద్రుల అర్హత పరీక్ష గట్టెక్కి ధ్రువపత్రం పొందాలి. 2003 తర్వాత డిగ్రీ పొందినవారికి కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీకి దక్కని అర్హత మీ అమ్మాయికి ఉంది. ఆపైన ఇంటర్వ్యూలు. అభ్యర్థులు ఆసుపత్రులకు, ఆసుపత్రులు అభ్యర్థులకు ర్యాంకులు ఇస్తే, ఆ జాబితాలను కంప్యూటర్‌ జతకలుపుతుంది. అక్కడి విద్యార్థుల్లోనే సీటు రానివారు ఏటా ఉంటారు. వీసా బాధ్యత తీసుకోని ఆసుపత్రులూ చాలా ఉన్నాయి. ఈ పద్ధతిలో మధ్యవర్తి అమ్మగలిగే సీటంటూ ఉండదు. ఆ 5 లక్షలు దేనికో కాగితం మీద రాసివ్వమనండి, ఎవరూ రాయరు.

2018లో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో మళ్లీ నాటిన జీడి చెట్లు ఇప్పటికి కాపు మీద ఉంటాయి. ఫలితం తెలియని పరీక్ష కోసం కాపు మీదున్న తోటను తెగనమ్మడం ఏం న్యాయం? ఇంటర్న్‌షిప్‌ అయ్యాక అమ్మాయి ఇక్కడే ఏదైనా కార్పొరేట్‌ ఆసుపత్రిలోనో, ఫార్మకోవిజిలెన్స్‌ (మందుల దుష్ఫలితాలను గమనించే) కంపెనీలోనో చేరి, తన జీతంతో ఎఫ్‌పీజీఈఈ ఫీజు తానే నేరుగా కట్టుకుని రాయనివ్వండి. నెగ్గితే అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి, విదేశీ ఖర్చు లెక్కలు వేద్దాం.