వెడ్డింగ్ ఎక్స్‌పోలో మొదటిసారి స్టాల్ పెడుతున్నాను, 3×3 మీటర్ల చోటులో ఏం చేస్తే జనం ఆగుతారు?

పూలజడలు, అడ్డుతెరలు, కొబ్బరి బొండాలు ఇంట్లోనే చేస్తానని, హైదరాబాద్‌లో ఆషాఢంలో జరిగే ఎక్స్‌పోకి స్టాల్ బుక్ చేశానని రాశారు. నాదీ అదే పని. హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌లోనూ, హోటల్ హాళ్లలోనూ కొన్నేళ్లుగా స్టాళ్లు పెడుతున్నాను. ఆషాఢం మంచి సమయమేనండీ. ముహూర్తాలు ఉండవు కాబట్టి శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు తీరిగ్గా తిరుగుతారు.

చేసినవన్నీ తీసుకెళ్లి వేలాడదీయాలా అని అడిగారు. వద్దు, బట్టల షాపులా కనబడుతుంది. ఒకే ఒక్క అడ్డుతెర, మీరు చేసినవాటిలో బాగా కుదిరినది కట్టండి. ముందు రెండు పీటలు, పక్కన తలంబ్రాల పళ్లేలు, గంప, బొండం. జీలకర్ర బెల్లం వేళ మండపం ఎలా ఉంటుందో అలా అన్నమాట. నిజానికి తెర పీటల మధ్యన ఉండాలి, కానీ అలా కడితే దాని మీది పని నడవలోంచి కనబడదు. వెనక గోడకే కట్టండి, పంతులుగారెవరూ వచ్చి తప్పు పట్టరు. మిగతా తెరలు మడతపెట్టి ఉంచి, అడిగినవాళ్ల చేతికివ్వండి. మగ్గం వర్క్ పట్టుకుని చూస్తేనే నమ్ముతారు.

ఎక్స్‌పో నిర్వాహకులిచ్చే టేబుల్‌ని చాలామంది ముందు అడ్డంగా వేసి, వెనక కూర్చుంటారు. దాన్ని పక్క గోడకి జరపండి. మనుషులు లోపలికి అడుగుపెట్టాలి. ఎక్స్‌పోకి పెళ్లికూతురు ఒక్కతే రాదు, అమ్మ, పిన్ని, నాన్న అందరూ వస్తారు. అమ్మాయి ఫోటోలు తీసుకుంటుంది, బేరం అమ్మ ఆడుతుంది, నాన్న మాత్రం బయట నిలబడి "ఇక పదండి" అంటుంటారు. ఇచ్చిన కుర్చీల్లో ఒకటి ఆయనకి వేయండి. ఆయన కూర్చున్నారంటే మీకు ఇంకో పది నిమిషాలు దొరికినట్టే. ధరలు చీటీల మీద రాసి పెట్టండి. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు.

లైట్ల మీద మాత్రం డబ్బు పెట్టండి. హాల్లో పైనుంచి పడే తెల్లటి వెలుతురుకి జరీ వెలిసిపోయినట్టు కనబడుతుంది. 3000 కెల్విన్ పసుపు వెలుగు ఎల్‌ఈడీ స్పాట్‌లైట్లు తెచ్చుకుని, తెర మీద ముందునుంచి ఏటవాలుగా పడేలా బిగించండి. ప్లగ్ పాయింట్ ఎన్ని వాట్ల వరకు ఆగుతుందో నిర్వాహకుల్ని ముందే అడగండి, ఎక్కువ లోడ్‌కి విడిగా వసూలు చేస్తారు. స్టాల్ ప్యానెళ్లకి మేకులు కొట్టనివ్వరు. పైన అల్యూమినియం పట్టీకి ఎస్ హుక్కులు తగిలించి గొలుసుతో దించుకోవాలి. చిన్న నిచ్చెన కూడా మీరే తెచ్చుకోండి.

పూల సంగతి. ఏసీ గాలికి మల్లెలు సాయంత్రానికే రంగు మారతాయి. చూపించడానికి క్లాత్ జడలు పెట్టి, నిజం పూల జడ రోజుకొకటి పొద్దున్నే కట్టి బొమ్మకి వేయండి. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి తెల్లవారుజామున వెళితే కావలసినవన్నీ దొరుకుతాయి. జడలో మరువం, దవనం కాస్త ఎక్కువ పెట్టండి, వాడినా వాసన పోదు. నడవలో వెళ్లేవాళ్లు ఆ వాసనకి తల తిప్పుతారు.

పైన బోర్డు మీద నిర్వాహకులు మీ షాపు పేరు మాత్రమే అంటిస్తారు. దాన్నిబట్టి మీరేం అమ్ముతారో ఎవరికీ తెలియదు. "పూలజడలు, అడ్డుతెరలు, కొబ్బరి బొండాలు" అని పెద్ద తెలుగు అక్షరాల్లో, మనుషుల తలలకి పైన కనబడేలా ఇంకో బోర్డు కట్టండి. తెలంగాణ కుటుంబాలు ఒడిబియ్యం, ఎదుర్కోళ్ల సామాను అడుగుతాయి, చేస్తుంటే అదీ రాయండి.

వచ్చినవాళ్ల ఫోన్ నంబర్‌తో పాటు ముహూర్తం తేదీ, ఊరు తప్పకుండా రాసుకోండి. ఎవరికి ముందు ఫోన్ చేయాలో ఆ తేదీని బట్టే తేలుతుంది.

స్టాల్ మార్చుకునే వీలు ఇంకా ఉంటే, రెండు వైపులా తెరిచి ఉండే కార్నర్‌ది అడగండి, కొంచెం ఎక్కువైనా ఫరవాలేదు. అద్దె మీద 18 శాతం జీఎస్టీ కలిపి లెక్క వేసుకోండి. స్టేజి పక్కది మాత్రం తక్కువకిస్తామన్నా తీసుకోకండి, ఆ స్పీకర్ల మోతలో ధర కూడా అరిచి చెప్పాల్సి వస్తుంది.