రాజుగారి నోట్లోకి నిచ్చెన

ప్రశ్న: ఈమధ్య ఒక పాత పుస్తకంలో ఫ్రెంచి వ్యంగ్యచిత్రం ఒకటి చూశాను. కొండంత మనిషి కుర్చీలో కూర్చుని నోరు తెరిచి ఉంటే, ఆ నోటిదాకా వేసిన పలక మీద గంపలు మోస్తూ మనుషులు ఎక్కుతున్నారు. అది గీసినాయన్ని జైల్లో పెట్టారని మా అన్నయ్య అంటున్నాడు, నిజమేనా? అంత కోపం రావడానికి అందులో ఏముందండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. అది 1831 డిసెంబరు నాటి 'గర్గాంతువా'. గీసిన ఒనొరే దోమియేకి అప్పుడు 23 ఏళ్లు. నోరు తెరిచినాయన ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్. గర్గాంతువా అంటే రబెలే అనే 16వ శతాబ్దపు రచయిత కథల్లోని తిండిపోతు రాక్షసుడు. మన బకాసురుడంత దుర్మార్గుడేం కాదు గానీ ఆకలి మాత్రం ఆ స్థాయిదే. బకాసురుడికి బండెడు కూడు వెళ్లేది, ఇక్కడ గంపల్లో వెళ్తున్నది జనం కట్టిన పన్ను.

బొమ్మను ఇంకోసారి దగ్గరగా చూడండి. గంపల్లో నాణేలు వేస్తున్నవాళ్లంతా చిరుగుబట్టల పేదవాళ్లు. రాజు కూర్చున్నది మామూలు కుర్చీ కాదు, కింద కంతున్న మరుగుదొడ్డి కుర్చీ! పైనుంచి మింగిన డబ్బు కిందినుంచి పతకాలు, పదవులు, బిరుదుల కాగితాలుగా పడుతుంటే పెద్దమనుషులు ఎగబడి ఏరుకుంటున్నారు. అసలు మంట అక్కడ పుట్టింది. రాజు లావుగా ఉన్నాడంటే నవ్వి ఊరుకునేవాళ్లేమో గానీ, పన్ను ఎటు ఎక్కి ఎటు దిగుతోందో ఇందులో చదువురానివాడికి కూడా అర్థమైపోతుంది.

సమయం కూడా అలాంటిదే. 1830 జులైలో పారిస్ జనం మూడు రోజులు వీధుల్లో పోరాడి పాత రాజును తరిమి ఈయన్ని తెచ్చుకున్నారు. ఇక సెన్సారు ఎప్పటికీ ఉండదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. తీరా చూస్తే మూడు కోట్లు దాటిన జనాభాలో ఓటున్నది రెండు లక్షల మందికి లోపే. ఈ బొమ్మకు నెల ముందు లియోన్‌లో పట్టు నేతకార్మికులు కూలి రేట్ల కోసం తిరగబడ్డారు. అటువైపు రాజుగారి ఖర్చులకు ఏడాదికి 1 కోటి 80 లక్షల ఫ్రాంకులు కావాలని ప్రభుత్వం అడిగింది (చివరికి 1 కోటి 20 లక్షలిచ్చారు, అదేమీ తక్కువ కాదు).

పైగా ఇది లితోగ్రాఫ్, అంటే రాతి అచ్చు. సున్నపురాయి మీద జిడ్డు పెన్సిల్‌తో నేరుగా గీసేస్తే చాలు, చెక్కేవాడితో పనిలేదు, కాపీలు చకచకా తీయొచ్చు. దుకాణం అద్దాల్లో పెడితే దారిన పోయేవాళ్లంతా గుమిగూడేవాళ్లు. ప్రభుత్వానికి టెన్షన్ అందుకే.

కాపీలు జప్తు చేశారు, రాయిని కూడా నాశనం చేయమన్నారు. 1832 ఫిబ్రవరిలో కోర్టు 6 నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా వేసింది. వెంటనే లోపల వేయలేదు. ఈయనేమో చెయ్యి ఊరుకోక ఇంకో బొమ్మ గీశాడు, దాంతో ఆగస్టులో పట్టుకెళ్లి సెంట్ పెలాజీ జైల్లో పెట్టారు.

1835లో రాజు మీద హత్యాయత్నం జరిగాక కొత్త చట్టం తెచ్చి, రాతలకు కాదు గానీ బొమ్మలకు మాత్రం ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. ఇక రాజును గీసే వీల్లేక దోమియే లాయర్ల మీద పడ్డాడు. దొరికితే ఆ బొమ్మలు కూడా చూడండి, నల్లకోట్లవాళ్లను ఆయన ఎంత దగ్గర్నుంచి గమనించాడో తెలుస్తుంది.