చిన్నీ, రెండు ప్యానెళ్ల ఫైల్ మేనేజర్ ఒకటి పెట్టుకో చాలు

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. విండోస్‌తో వచ్చే ఎక్స్‌ప్లోరర్‌తో వేగలేకపోతున్నా పెద్దమ్మా, ఫైళ్లు తెరవడానికీ కాపీ చెయ్యడానికీ ఫ్రీగా దొరికే మంచి ఫైల్ మేనేజర్ ఏదైనా చెప్పు అన్నావు. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నా. ముహూర్తాలు మొదలయ్యాయంటే బ్రాడీపేటలో నీకూ, ఇక్కడ గవర్నర్‌పేటలో నాకూ అన్నం తినడానికే టైముండదు, కాబట్టి ఇప్పుడే కూర్చుని నేర్చేసుకో.

నీ పనేంటో ముందు చూడు. కస్టమర్ పెన్‌డ్రైవ్ ఇస్తాడు, అందులో ఫొటోలు నీ జాబ్ ఫోల్డర్‌లో వేస్తావు, పెళ్లికార్డు ప్రింటుకి వెళ్లాక అంతా తీసి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో పడేస్తావు. పొద్దున్నుంచీ ఇక్కడివి అక్కడికి వెయ్యడమేగా. ఎక్స్‌ప్లోరర్‌లో దానికి రెండు విండోలు తెరిచి, పక్కపక్కన సర్ది, మధ్యలో కార్డులు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ వాటిని కప్పేస్తే మళ్లీ వెతుక్కుని... విండోస్ 11లో 2022 నుంచి ట్యాబ్‌లు వచ్చాయి, నిజమే, కానీ ఒక ట్యాబ్ తెరిస్తే ఇంకోటి కనపడదు. నీకు రెండు ఫోల్డర్లూ ఒకేసారి కళ్ల ముందుండాలి.

ఇదేమీ కొత్త వింత కాదులే. 1986లో డాస్ అనే పాతకాలపు సిస్టమ్ మీద నార్టన్ కమాండర్ అని ఫైల్ మేనేజర్ వచ్చింది, నీలం స్క్రీను, ఎడమ పక్క ఒక ఫోల్డరు, కుడి పక్క ఒకటి. ఎఫ్5 కొడితే కాపీ, ఎఫ్6 మూవ్, ఎఫ్7 కొత్త ఫోల్డర్, ఎఫ్8 డిలీట్, ట్యాబ్ కీ కొడితే ఇటు నుంచి అటు. తరవాత వచ్చిన కమాండర్లన్నీ ఇంచుమించు ఆ కీలే పట్టుకున్నాయి. ఇవి చేతికి అలవాటైతే రేపు ప్రోగ్రామ్ మార్చినా, విండోస్ వదిలి, దాని బదులు వాడే లైనెక్స్‌కి వెళ్లి అక్కడి మిడ్‌నైట్ కమాండర్ తెరిచినా, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.

నా మాట వింటే డబుల్ కమాండర్ పెట్టుకో. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ బాహాటంగా ఉంటుంది, పూర్తిగా ఉచితం, షాపులో వాడినా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు, విండోస్‌లోనూ లైనెక్స్‌లోనూ నడుస్తుంది. చాలామంది టోటల్ కమాండర్ పేరు చెప్తారు, బ్రహ్మాండమైన సరుకే, కాకపోతే అది ఫ్రీ కాదు. ట్రయల్ గడువు అయిపోయాక కూడా తెరుచుకుంటుంది కాబట్టి, తెరవగానే ఫలానా అంకె నొక్కమని అడిగే డబ్బా మూసేసి ఏళ్ల తరబడి వాడేస్తుంటారు. వాడితే లైసెన్సు కొనుక్కుని వాడు, లేకపోతే దాని పద్ధతిలోనే చేసిన ఈ డబుల్ కమాండర్ ఉంది కదా.

మిగతావి కూడా చెప్తా, తరవాత నువ్వు మళ్లీ అడక్కుండా. ఫ్రీకమాండర్ కూడా రెండు ప్యానెళ్లదే, చూడ్డానికి ఎక్స్‌ప్లోరర్‌కి దగ్గరగా ఉంటుంది, 32 బిట్ ఉచితం, 64 బిట్ మాత్రం విరాళం ఇచ్చినవాళ్లకి. క్యూ-డిర్‌లో నాలుగు ప్యానెళ్లుంటాయి, పెద్ద మానిటర్ లేకపోతే కళ్లు నొప్పులు. ఎక్స్‌ప్లోరర్ ప్లస్ ప్లస్ చిన్నది, ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఫైల్స్ అనే యాప్ చూడముచ్చటగా ఉంటుంది (మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బులడుగుతారు, వాళ్ల సైట్లో ఉచితం), కానీ పాత సిస్టమ్ మీద నాకు బరువుగా అనిపించింది. ఇవన్నీ ఒకేసారి దించుకుని కూర్చోకు. ఏది దించినా దాని సొంత సైట్ నుంచే దించు, డౌన్‌లోడ్ అని పచ్చగా మెరిసే బటన్లలో సగం యాడ్లే.

డబుల్ కమాండర్ పెట్టాక మొదటి రోజు చెయ్యాల్సింది ఒకటే, ఎడమ ప్యానెల్‌లో పెన్‌డ్రైవ్, కుడి ప్యానెల్‌లో ఆ రోజు జాబ్ ఫోల్డర్. ఆల్ట్ ఎఫ్1 నొక్కితే ఎడమ పక్క డ్రైవ్ మారుతుంది, ఆల్ట్ ఎఫ్2 నొక్కితే కుడి పక్కది. రోజూ వెళ్లే ఫోల్డర్లని కంట్రోల్ డీ నొక్కి జాబితాలో చేర్చుకో. సెట్టింగ్స్‌లో దాచిన ఫైళ్లు కనపడేట్టు పెట్టు, కస్టమర్ల పెన్‌డ్రైవుల్లో వైరస్ అసలు ఫోల్డర్లని దాచేసి అదే పేరుతో షార్ట్‌కట్‌లు పెడుతుంది చూడు, అవి వెంటనే దొరికిపోతాయి. పేరు చివర చుక్క తరవాత ఫైల్ రకం చెప్పే ఎక్స్‌టెన్షన్ కూడా కనపడాలి, ఫొటోలా కనపడి చివర ఈఎక్స్ఈ (అంటే ప్రోగ్రామ్) ఉన్నదాన్ని ముట్టుకోకు.

ఇక పేర్లు. నువ్వు పెట్టే పేర్లు నాకు తెలుసులే, ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్, ఇదే ఫైనల్. ఫైళ్లని ఎంచుకుని కంట్రోల్ ఎమ్ కొట్టు, వందల ఫొటోల పేర్లు ఒక్కసారే మార్చే డబ్బా వస్తుంది, కొత్త పేర్లు ఎలా ఉంటాయో పక్కనే చూపిస్తుంది, నచ్చితేనే సరే అను. పేరులో సంవత్సరం ముందు, తరవాత నెల, తరవాత ఇంటిపేరు, ఊరు పెట్టు, అప్పుడు వరసగా నిలబడతాయి. యూనికోడ్ తెలుగులో, అంటే వాట్సాప్‌లో కొట్టే మామూలు తెలుగులో, పెట్టుకున్నా ఇబ్బంది లేదు, కానీ పొడుగు పెట్టకు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు డ్రైవ్ అక్షరం నుంచి ఫైల్ పేరు చివరి దాకా మొత్తం 260 అక్షరాలు దాటితే మొరాయిస్తాయి, పైగా విండోస్ ఒత్తుల్నీ గుణింతాల్నీ విడివిడిగా లెక్కేస్తుంది. లక్ష్మీ అని రాస్తే మన కంటికి రెండక్షరాలు, దానికి ఏడు. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ పెట్టి ఒక్కోదానికీ పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురు పేరూ పూర్తిగా రాస్తే కాపీ మధ్యలో ఆగి కూర్చుంటుంది.

పేరు మీద ఇంత నొక్కి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మనం పేజ్‌మేకర్‌లో అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన మేటర్ యూనికోడ్ కాదు, కాబట్టి ఫైల్ లోపల తెలుగు మాట కోసం వెతికితే ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. పాత కార్డు దొరకాలంటే ఫైల్ పేరే దిక్కు. దానికి ఎవ్రీథింగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ కూడా పెట్టుకో. ఎన్టీఎఫ్ఎస్ (విండోస్ మామూలుగా వాడే పద్ధతి) డిస్క్‌లో ఉన్న ఫైళ్ల పట్టికని నేరుగా చదువుకుంటుంది కాబట్టి నువ్వు టైప్ చేస్తుండగానే పేర్లు వచ్చేస్తాయి. ఎదురుగా కస్టమర్ నిలబడి పోయినేడాది మా అక్క పెళ్లికార్డు లాంటిదే కావాలండీ అన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ప్రతి కార్డుకీ అదే పేరుతో ఒక జేపీజీ ప్రూఫ్ పక్కన పెట్టు, పేజ్‌మేకర్ ఫైల్ మామూలుగా ఫైల్ మేనేజర్‌లో బొమ్మగా కనపడదు, జేపీజీ అయితే డబుల్ కమాండర్‌లో కంట్రోల్ క్యూ కొట్టగానే పక్క ప్యానెల్‌లో కనిపిస్తుంది.

ఎక్స్‌ప్లోరర్‌ని తీసెయ్యాలా అని అడిగావు. తీసెయ్యలేవు, ఆ అవసరమూ లేదు. ఫొటోషాప్‌లో ఓపెన్ అంటే వచ్చేది విండోస్ వాళ్ల డబ్బానే, విండోస్ కీ, ఈ కలిపి నొక్కినా ఎక్స్‌ప్లోరరే తెరుచుకుంటుంది. ఉండనీ.

డిలీట్ దగ్గర మాత్రం నిదానంగా ఉండు. నీ సిస్టమ్‌లో ఎఫ్8 కొడితే రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది, పెన్‌డ్రైవ్‌లోది సాధారణంగా బిన్‌కి రాదు, పోతే పోయినట్టే. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లోంచి ఎప్పుడూ కాపీయే చెయ్యి, ఎఫ్6 జోలికి పోకు. హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ వేశాక కమాండ్స్ మెనూలో డైరెక్టరీలు సింక్రనైజ్ చేసే డబ్బా తెరిచి, కంటెంట్‌తో సహా పోల్చమని టిక్ పెట్టు, రెండు పక్కలా ఒకేలా ఉన్నాయో లేదో తేలుతుంది, టైము పడుతుంది కాబట్టి టీ తాగి రా. అదే డబ్బాలో ఎసిమెట్రిక్ అని ఇంకో టిక్ ఉంటుంది, అది పెడితే ఎడమ పక్క లేని ఫైళ్లని కుడి పక్క నుంచి తీసేస్తుంది. నీ సిస్టమ్‌లో చోటు కోసం పాత కార్డులు చెరిపేసి ఉంటావు కదా, ఆ టిక్‌తో నడిపితే హార్డ్‌డిస్క్‌లో ఉన్నవీ పోతాయి. షాపులో పెట్టుకున్న కుర్రాడికి ఈ మాట నువ్వే చూపించి చెప్పు, వాడు కనపడ్డ టిక్కులన్నీ పెట్టే రకంలా ఉన్నాడు.

మీ పెద్దమ్మ