పాలిచ్చేది బర్రెనా, తల్లా?

సందేహం: మాది దేవరకొండ దగ్గర పల్లె. కోడలి కాన్పుకు పోతే ఆస్పత్రి గోడ మీద 'పాలిచ్చే తల్లే అసలైన తల్లి' అని రాసి ఉంది. "పాలిచ్చేది బర్రె, బిడ్డకు పాలు తాపుతరు" అన్నాను. అందరూ నవ్వారు. ఏది ఒప్పు?

సమాధానం: రెండూ ఒప్పేనమ్మా, బర్రెకు వాడినంత మాత్రాన 'పాలిచ్చు' తప్పయిపోదు. కానీ మీ చెవికి తగిలిన తేడా నిజంగానే ఉంది. ఆగు నుంచి ఆపు వచ్చినట్టే తాగు నుంచి తాపు. పాత తెలుగులో 'చన్ను కుడుపు' అనేవాళ్లు, అదీ ఇలాంటిదే, కుడుచు నుంచి కుడుపు. ఈ మాటల్లో తాగే పని బిడ్డది, తాగేలా చూసుకునే పని తల్లిది. 'పాలిచ్చు'లో బిడ్డ చేసేదేమీ లేదు, భారమంతా ఇచ్చేవాళ్ల మీదే, పైగా ఇవ్వలేదంటే ఉండి కూడా ఇవ్వలేదన్న నింద లోపల దాగి ఉంటుంది. తొలికాన్పు బాలింత, రెండు రోజులైనా పాలు సరిగా పడక ఏడుస్తుంటే ఎదురుగా ఆ గోడ! 'అసలైన' అట, మరి మిగతావాళ్లు?

మన ఆడవాళ్లు అడిగే తీరు చూడండి: "పాలు పడ్డయా?" ఇక్కడ కర్త పాలే, వాన పడ్డదా అన్నట్టు, ఎవరి తప్పూ లేదు. 'చేపు', అంటే పాలు దిగనివ్వడం, ఇంకా మంచి మాట. దూడ మూతి తగిలితే బర్రె చేపుతుంది, బెదిరితే చేపదు. బాలింతకూ అంతే, బిడ్డ చప్పరిస్తే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఊరి పాలు దిగుతాయి, టెన్షన్ పడితే అది తగ్గుతుంది. అంటే తిట్టినట్టుండే నినాదం పాలకే అడ్డం.

డబ్బాపాల మీద తల్లి బొమ్మ, బిడ్డ బొమ్మ వేయకూడదని 1992లో చట్టం చేశారు. ఆ బొమ్మలన్నీ ఇప్పుడు ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాల బ్యానర్ల మీదికి వచ్చాయి, పట్టుచీర, పూలు, నవ్వు, పక్కన ఒక్క మనిషి ఉండదు. ముర్రుపాలు పిండి పారబోయమనేది తరచూ ఇంట్లో పెద్దవాళ్లే కదా, ఆజ్ఞ మాత్రం తల్లికి! 'గంటలోపే ముర్రుపాలు తాపనియ్యండి' అని రాస్తే ఆ మాట అత్తకూ మొగుడికీ తగులుతుంది.

ఇక 'తాపుతరు' అని రాయాలా, 'తాపుతారు' అనా అంటారా, మీరు పలికినట్టే రాయండి.